షింజుకు నిచోమెలో ఎనిమిది కుర్చీల బారు: ఒక గే విద్యార్థి సమీక్ష

టోక్యోలో 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు వరకు ఎక్స్‌చేంజి విద్యార్థిగా ఉన్న నాకు, తరగతి గది తర్వాత బాగా చనువైన చోటు షింజుకు నిచోమె అనే పేటలోని ఒక చిన్న గే బారు. ఒక ఇరుకైన భవనంలో, జపాను లెక్కలో రెండో అంతస్తులో, అంటే మన లెక్కలో మొదటి అంతస్తులో అది ఉంది. ఎనిమిది కుర్చీలు, పొడవాటి చెక్క కౌంటరు, దాని వెనుక సీసాల అరలు, ఒక మూల కరోకే తెర తప్ప అందులో ఇంకేమీ లేవు. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడికి వచ్చేవారిలో చాలామంది ఇంట్లో గానీ ఆఫీసులో గానీ తాము గే అని చెప్పుకోనివారు కాబట్టి, ఎక్కడ రాసినా పేరూ ఆనవాళ్ళూ రాయవద్దని యజమాని నన్ను కోరారు, నేను మాట ఇచ్చాను. అయినా ఈ సమీక్ష పనికొస్తుందనే నమ్మకంతోనే రాస్తున్నాను. ఆ పేటలో ఇలాంటి బార్లు మూడు వందల దాకా ఉంటాయని చెబుతారు, వాటి ధరలూ మర్యాదలూ పద్ధతులూ చాలావరకు ఒకే తీరున ఉంటాయి. జపనీస్ కొద్దోగొప్పో వచ్చిన తెలుగు విద్యార్థి ఎవరైనా, విదేశీయులతో కిటకిటలాడే పెద్ద క్లబ్బుల దగ్గరే ఆగిపోకుండా, ఒక్కసారైనా ఇలాంటి చిన్న కౌంటరు ముందు కూర్చోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

నిచోమెకు వెళ్ళడానికి షింజుకు-సాన్‌చోమె స్టేషనులో దిగి సీ8 ద్వారం గుండా పైకి రావడం సులువు. మరునోఉచి, ఫుకుతోషిన్, షింజుకు అనే మూడు సబ్‌వే మార్గాలు ఆ స్టేషను గుండా పోతాయి. పైకి వచ్చాక కొద్ది నిమిషాల నడకలోనే ఆ వీధులు మొదలవుతాయి. పగటిపూట చూస్తే అవి మామూలు ఆఫీసు వీధుల్లాగే కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ ప్రాంతం వేశ్యావాటిక. వ్యభిచార నిరోధక చట్టం 1956లో వచ్చి 1958 ఏప్రిల్ నుంచి పూర్తిగా అమలయ్యాక ఆ ఇళ్ళు ఖాళీ అయ్యాయి, ఆ ఖాళీల్లోకి క్రమంగా గే బార్లు చేరాయి. ఆ పాత కాలపు జాడలను చూడాలనుకునేవారు అక్కడి తైసోజి ఆలయానికి తప్పక వెళ్ళాలి. అందులో ఐదున్నర మీటర్ల ఎత్తున్న ఎన్మ విగ్రహం ఉంది. ఎన్మ అంటే మన యముడే. చీకటి గదిలో జాలీ వెనుక కూర్చుని ఉంటాడు, బయట ఉన్న మీట నొక్కితే కాసేపు దీపం వెలుగుతుంది. పక్కనే దత్సుఏబా అనే ముసలమ్మ విగ్రహం ఉంది. చనిపోయినవారు దాటవలసిన నది ఒడ్డున కూర్చుని వారి బట్టలు ఒలిచే ఆమెను, బట్టలు విప్పడమే బతుకుతెరువైన అక్కడి స్త్రీలు తమ దేవతగా కొలిచారు. సమాజం పక్కకు నెట్టినవారికి ఆ పేట చోటివ్వడం గే బార్లతో మొదలైన సంగతి కాదని ఆ జాలీ ముందు నిలబడినప్పుడు నాకు అర్థమైంది.

ఇక బారులోకి వద్దాం. తలుపుకు అద్దం లేదు, లోపల ఎవరున్నారో బయటికి కనిపించదు. మొదటిసారి ఆ తలుపు తీయడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. తీసిన వెంటనే లోపలివారంతా ఒక్కసారి తలతిప్పి చూస్తారు. ఆ చూపుకు భయపడనవసరం లేదు, వచ్చింది తెలిసినవారా కాదా అని చూసుకోవడమే అది. కూర్చోగానే వేడి తువ్వాలు చేతికిస్తారు, దాన్ని ఒషిబోరి అంటారు. ఆ తర్వాత ఒక చిన్న గిన్నెలో ఏదో ఒక తినుబండారం వస్తుంది, అది ఒతోషి. మనం అడగకపోయినా వస్తుంది, దాని ఖరీదు కుర్చీ రుసుములోనే ఉంటుంది. ఈ బారులో కూర్చున్నందుకు, ఒతోషికి, మొదటి గ్లాసుకు కలిపి 1,500 యెన్లు. తర్వాతి గ్లాసు ఏదైనా 800 యెన్లు, కరోకేలో ఒక్కో పాటకు 100 యెన్లు. రెండు గ్లాసులు తాగి, రెండు పాటలు పాడి లేస్తే 2,500 యెన్లు అవుతుంది. విద్యార్థికి ఇది చిన్న మొత్తం కాదు గనుక నేను నెలకు మూడుసార్లకు మించి వెళ్ళకూడదని నియమం పెట్టుకున్నాను. ధరల పట్టిక కౌంటరు మీదే ఉంటుంది, లెక్కలో ఏడాది పొడవునా ఒక్కసారి కూడా తేడా రాలేదు. పట్టిక కనిపించని చోట కూర్చోకముందే రుసుము ఎంతో అడగడం తప్పు కాదు, అక్కడ ఎవరూ దాన్ని అవమానంగా భావించరు.

తరచుగా వెళ్ళేవారికి బాటిల్ కీప్ అనే పద్ధతి కలిసివస్తుంది. షోచు అనే జపాను సారా సీసా మొత్తాన్ని కొని, మెడకు మన పేరున్న చీటీ కట్టి, అరలో ఉంచేయవచ్చు. ఈ బారులో మూడు నెలల వరకు దాన్ని భద్రపరుస్తారు. ముగ్గురం విద్యార్థులం కలిసి ఒక సీసా కొన్నాం. చీటీ మీద అసలు పేరు రాసేవారు దాదాపు ఎవరూ లేరు, అందరివీ మారుపేర్లే. ఆ బారులో నాకున్న పేరు కూడా మొదటి రాత్రి నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పెట్టినదే, ఏడాది పొడవునా అందరూ నన్ను ఆ పేరుతోనే పిలిచారు. ఎదుటివారి అసలు పేరు, ఉద్యోగం, ఇల్లు ఎక్కడ అన్నవి వారంతట వారు చెప్పేదాకా అడగకపోవడం అక్కడి మొదటి మర్యాద. ఫొటోలు తీయకపోవడం రెండోది. ఒకరు గే అన్నటువంటి రహస్యాన్ని వారి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని జపానులో ఔతింగు అంటారు. టోక్యో పశ్చిమాన ఉన్న కునితాచి నగరం 2018లోనే దాన్ని నిషేధిస్తూ నిబంధన చేసింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఈ కౌంటరు దగ్గర ఆ నిష్ఠను ఎవరూ తప్పగా నేను చూడలేదు.

బారు యజమానిని అందరూ మామ అని పిలుస్తారు. జపనీస్‌లో ఆ మాటకు అమ్మ అని అర్థం, అరవై దాటిన ఆ మగమనిషికి ఆ పిలుపే ఇష్టం. తెలుగువాడినైన నాకు మాత్రం ఆ పిలుపు మొదటి రోజు నుంచీ మేనమామ పిలుపులాగే వినిపించింది, ఆయన నడత కూడా దానికి తగ్గట్టే ఉండేది. మా భాషలో ఆ మాటకు అర్థం ఇదీ అని చెప్పినప్పుడు ఆయన చాలాసేపు సంతోషించి, ఆ రాత్రి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ సంగతి చెప్పారు. ఆయనకు సాయంగా వారంలో కొన్ని రోజులు ఒక యువకుడు ఉంటాడు. అలా పనిచేసేవారిని మిసెకో అంటారు. ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ఒంటరిగా మిగిలిపోకుండా చూడటమే వారి అసలు పని అని నాకనిపించింది. కొత్తవాడు మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని చెరపకుండానే, రెండు కుర్చీల అవతల నడుస్తున్న సంభాషణను నెమ్మదిగా అతని వైపు జరుపుతారు. నా జపనీస్ తడబడినప్పుడు మామ నా వాక్యాన్ని తాను పూర్తి చేయకుండా నేను ముగించేదాకా గ్లాసు తుడుస్తూ ఆగేవారు. ఇంత ఓపిక గల సేవను నేను ఇంకే దుకాణంలోనూ చూడలేదు.

ఈ బారు నాకు ఇచ్చిన అతి పెద్ద మేలు భాషకు సంబంధించినది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

తెలుగులో ఒకరి గురించి మాట్లాడాలంటే క్రియ దగ్గరికి వచ్చేసరికి నిజం బయటపడుతుంది. వచ్చాడు అనాలి, లేదా వచ్చింది అనాలి. ప్రేమించిన మనిషి మగవాడైతే, ఆ సంగతి దాచాలనుకుంటే, మనకు మిగిలే దారి బహువచనం ఒక్కటే. నేను ఇంటికి ఫోను చేసినప్పుడల్లా స్నేహితులు వచ్చారు, స్నేహితులతో సినిమాకు వెళ్ళాను అని చెబుతూ, ఒక్కడిని బహువచనంలో దాచిన సంవత్సరాలు ఉన్నాయి. జపనీస్ క్రియకు ఆ బెడద లేదు. కిత అంటే వచ్చాడు, వచ్చింది, వచ్చారు అన్నీ అవుతాయి. కర్త పేరు చెప్పకుండానే వాక్యం నిలబడుతుంది. కొయిబితొ అంటే ప్రేమించే మనిషి, ఆ మనిషి ఆడో మగో ఆ మాట చెప్పదు. సుకినా హితొ అంటే ఇష్టమైన మనిషి, అదీ అంతే. తరగతిలో నిన్న ఏం చేశావని ఉపాధ్యాయురాలు అడిగినప్పుడు, కొయిబితొతో షింజుకు గ్యోఎన్ తోటకు వెళ్ళానని ఒక్క అబద్ధం కూడా లేకుండా చెప్పగలిగిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ తోట ప్రవేశ రుసుము విద్యార్థులకు 250 యెన్లే, నిచోమె నుంచి నడిచి వెళ్ళవచ్చు. అబద్ధమాడకుండా ఉండటం ఎంత హాయిగా ఉంటుందో ఆ సాయంత్రం దాకా నాకు తెలియదు.

అయితే భాష ఇచ్చే ఆ మరుగు మామకు అంతగా నచ్చేది కాదు. ఆ తరగతి సంగతి చెప్పినప్పుడు ఆయన, సరే, ఇక్కడ మాత్రం కరెషి అని చెప్పు అన్నారు. కరెషి అంటే ప్రియుడు, అందులో సందేహానికి తావు లేదు. తరగతిలో ఉపాధ్యాయులు కనోజో ఉందా అని, అంటే ప్రియురాలు ఉందా అని, ఏమీ ఆలోచించకుండా అడుగుతారు. ఈ కౌంటరు దగ్గర అడిగే ప్రశ్న వేరు, ఎలాంటివారు నీ టైపు అంటారు. మొదటిసారి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు మాటలు చాలక, గోడ మీది క్యాలెండరులో ఉన్న బేస్‌బాల్ ఆటగాడిని చూపించాను. ఆరు నెలల తర్వాత అదే ప్రశ్నకు పది వాక్యాల్లో జవాబు చెప్పగలిగాను. జపనీస్ వ్యాకరణ పరీక్షలో నాకు వచ్చిన మార్కులకంటే ఆ పది వాక్యాలంటేనే నాకు ఎక్కువ గర్వం.

సర్వనామాల సంగతి ఇంకా ఆసక్తికరమైనది. మనకు ఉన్నది ఒక్క నేను. జపనీస్‌లో మగవాడు బొకు అనవచ్చు, ఒరె అనవచ్చు, మర్యాదగా వతాషి అనవచ్చు. మామ తనను తాను అతాషి అనేవారు, అది సాధారణంగా స్త్రీల మాట. స్త్రీల వాక్యాంతాలను, దీర్ఘాలను గే మగవారు కొందరు వాడే ఆ ధోరణిని ఒనె-కొతొబా అంటారు, అంటే అక్కల భాష. ఆఫీసులో రోజంతా ఒరె అని కరకుగా మాట్లాడే మనిషి, తలుపు తీసి లోపలికి వచ్చి కోటు తగిలించేలోపే అతాషిలోకి మారిపోవడం నేను ఎన్నోసార్లు విన్నాను. గే కానివారిని నొన్కె అంటారన్నది కూడా అక్కడే నేర్చుకున్నాను. విద్యార్థులకు ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఈ మాటలు వినడానికి నేర్చుకోండి, తరగతిలో వాడటానికి కాదు. విన్నది విన్నట్టు అప్పజెబితే, మనం ఎక్కడ నేర్చుకున్నామో తెలిసినవారు వెంటనే గుర్తుపడతారు.

2024 మార్చి 14 రాత్రిని ఈ సమీక్షలో వదిలేయలేను. ఆ రోజు సప్పోరో హైకోర్టు, స్వలింగ జంటలకు వివాహాన్ని నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఈ విషయంలో హైకోర్టు స్థాయిలో వచ్చిన మొదటి తీర్పు అది. బారులో టీవీ పెట్టారు, ఎనిమిది కుర్చీలూ నిండి ఇద్దరు నిలబడ్డారు. చిన్నవారు గ్లాసులు తాకించుకున్నారు. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన ఒక పెద్దాయన మాత్రం నిశ్శబ్దంగా కూర్చుని, చాలాసేపటి తర్వాత తన కథ చెప్పారు. తనతో కలిసి జీవించిన వ్యక్తిని ఆయన చాలా ఏళ్ళ క్రితం చట్టప్రకారం దత్తత తీసుకున్నారట. పెళ్ళికి దారి లేనప్పుడు ఒక కుటుంబంగా నమోదు కావడానికి జపానులో కొన్ని జంటలు ఎంచుకున్న దారి అది, వయసులో పెద్దవారు తండ్రి అవుతారు, చిన్నవారు కొడుకు అవుతారు. ఆసుపత్రిలో తన మనిషి చివరి రోజుల్లో పక్కన ఉండగలిగింది తండ్రి అన్న ఆ కాగితం వల్లనే అని ఆయన చెప్పారు. షిబుయా, సెతగాయా వార్డులు 2015లో మొదలుపెట్టిన భాగస్వామ్య ధ్రువపత్రాలు 2022 నవంబరు నుంచి టోక్యో మహానగరమంతటా వచ్చాయి గానీ వాటికి వివాహపు చట్టబలం లేదు, ఆయన మనిషి అప్పటికే లేరు. ఏ పాఠ్యపుస్తకమూ నాకు ఇంత జపాను చరిత్ర చెప్పలేదు. వారం క్రితం నేర్చుకున్న మాటలతో ఆయన కథ అర్థమైనందుకు, ఆ మాటలు నేర్పిన ఆ కౌంటరుకు నేను రుణపడి ఉన్నాను.

లోపాలు కూడా చెప్పాలి. అన్నిటికంటే పెద్దది పొగ. ఇక్కడ సిగరెట్లు కాలుస్తారు, ఎనిమిది కుర్చీల గదిలో పొగకు పోయే దారి లేదు, ఇంటికి వచ్చాక చొక్కా ఉతకక తప్పదు. ఉబ్బసం ఉన్నవారు వెళ్ళకండి. రెండోది తిండి. ఒతోషిలో ఏముందో అడిగితే చెబుతారు, నేను గొడ్డుమాంసం తిననని తెలిశాక మామ ప్రతిసారీ వేరుగా ఏదో ఒకటి పెట్టేవారు. కానీ పూర్తి శాకాహారికి కష్టం, కూరగాయలు ఉడికించిన నీళ్ళలో కూడా చేపతో కాచిన దాషి ఉంటుంది. మూడోది, ఆడవారిని ఈ బారు రానివ్వదు. నాకు అత్యంత ఆప్తురాలైన సహవిద్యార్థినిని అక్కడికి ఒక్కసారి కూడా తీసుకువెళ్ళలేకపోయాను. ఆ నియమానికి కారణాలు వాళ్ళు చెప్పారు, నేను గౌరవించాను, కానీ ఒప్పుకోలేదు. అందరినీ రానిచ్చే బార్లు ఆ పేటలో ఉన్నాయి, వాటిని మిక్స్ బార్లు అంటారు.

ఇక ఈ పేటలో అన్ని తలుపులూ తెరుచుకోవు. అదే వీధిలో మరో బారు తలుపు తీసినప్పుడు, నా ముఖం చూసి, సభ్యులకు మాత్రమే అని చేతులు అడ్డంగా పెట్టి వెనక్కి పంపారు. నా వెనుకే వచ్చిన జపనీస్ మనిషిని ఏ సభ్యత్వమూ అడగకుండా లోపలికి పిలిచారు. ఆ రాత్రి నేను చాలా బాధపడ్డాను. మామకు చెప్పినప్పుడు ఆయన వాళ్ళను వెనకేసుకు రాలేదు. భాష రాని అతిథితో గొడవలు వస్తాయని భయపడేవారు ఉన్నారు, ఆ భయం తప్పు, అయినా ఉంది అని చెప్పి, నేను అడగకుండానే ఇంకో మూడు బార్ల పేర్లు కాగితం మీద రాసిచ్చారు. ఆ మూడింటిలోనూ నన్ను ఆదరంగా కూర్చోబెట్టారు.

తాగనివారి మాట కూడా చెప్పాలి. ఈ బారులో ఊలాంగ్ టీ అడిగితే అదే 800 యెన్లకు అదే మర్యాదతో ఇస్తారు, నా స్నేహితుడొకడు ఏడాదంతా టీ మీదే గడిపాడు. జపానులో 2022 ఏప్రిల్ నుంచి 18 ఏళ్ళకే మేజర్లయినా, మద్యానికి మాత్రం ఇప్పటికీ 20 ఏళ్ళు నిండాలి. పంతొమ్మిదేళ్ళ విద్యార్థులు, అసలు బారు వాతావరణమే వద్దనుకునేవారు, షింజుకు గ్యోఎన్ దగ్గర ఉన్న ప్రైడ్ హౌస్ టోక్యో లెగసీకి వెళ్ళాలి. 2020 అక్టోబరు 11న మొదలైన ఆ కేంద్రంలో క్వీర్ జీవితాల మీద, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వంటివారి జీవితాల మీద వచ్చిన పుస్తకాలు కూర్చుని చదువుకోవచ్చు, డబ్బు ఖర్చు లేదు. నిచోమెలోనే అక్తా అనే సామాజిక కేంద్రం 2003 నుంచి ఉంది. హెచ్‌ఐవీ గురించిన సమాచారం, కండోములు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. పేరు చెప్పనవసరం లేకుండా ఉచితంగా హెచ్‌ఐవీ పరీక్ష చేసే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు, అంటే హొకెంజోలు, జపాను అంతటా ఉన్నాయి. నా మొదటి పరీక్షకు వెళ్ళమని చెప్పింది కూడా మామే, ఫలితం ఏమిటని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

అక్కడ పని చేయాలన్న ఆలోచన వస్తే జాగ్రత్త. విద్యార్థి వీసా మీద అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు పనిచేయవచ్చు గానీ, అతిథుల పక్కన కూర్చుని కబుర్లు చెప్పే తరహా వినోద వ్యాపారాల్లో పని ఆ అనుమతిలోకి రాదు. మిసెకోగా ఉండమని ఎవరైనా ప్రేమగా అడిగినా ఒప్పుకోకండి, వీసాకే ముప్పు.

మొదటిసారి వెళ్ళేవారు సోమవారం నుంచి గురువారం లోపు, రాత్రి ఎనిమిది గంటలకు తెరిచిన తొలి గంటలో, ఒంటరిగా లేదా ఇంకొక్కరితో వెళ్ళండి. శుక్ర, శనివారాల్లో పాత అతిథులతో కుర్చీలు నిండిపోతాయి. నలుగురైదుగురు కలిసి వెళితే అంత చిన్న గదిలో కూర్చోవడానికి చోటే ఉండదు. తలుపు పూర్తిగా తీయకుండా, హజిమెతె దెసు గ, ఈ దెసు క అని అడగండి. మొదటిసారి వచ్చాను, రావచ్చా అని దాని అర్థం. చివరి రైళ్ళు అర్ధరాత్రి దాటిన కాసేపటికే అయిపోతాయి కాబట్టి పదకొండున్నరకు డబ్బు చెల్లించి లేవడం మంచిది. కార్డులు తీసుకోరు, నోట్లు దగ్గర ఉంచుకోండి.